బడిపంతులుకి తన పంక్తిలో పీట వేసిన పునీతుడు

“బతకలేక బడిపంతులు” అన్న మాటను తెలుగునాట ఎవరు పుట్టించారో గానీ, అది పుట్టడానికి కారణమైన పరిస్థితి ఒక్క తెలుగునాటిది కాదు. దసరాకు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగి మామూలు పుచ్చుకున్న మన వీధిబడి అయ్యవారికీ, 17వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో పేదపిల్లల ధర్మబడిలో అక్షరాలు దిద్దించిన మాస్టరుకీ బతుకులో పెద్ద తేడా లేదు. ఇద్దరినీ ఊరు వాడుకుంది, ఇద్దరినీ ఊరు చిన్నచూపే చూసింది. ఫ్రాన్స్‌లో ధర్మబడికి వచ్చే మాస్టరు చాలాసార్లు వేరే పని దొరకనివాడు. కాస్త మెరుగైన పని కనబడగానే బడి వదిలి వెళ్లిపోయేవాడు. అలాంటివాళ్లను తన ఇంటికి తెచ్చుకుని, తన బల్ల దగ్గర కూర్చోబెట్టి, చివరికి తానే వాళ్లలో ఒకడైపోయిన ధనిక మతగురువు జాన్ బాప్టిస్ట్ డి లా సాల్. కతోలిక సంఘం ఆయనకు 1900లో పునీత పట్టం ఇచ్చింది. 1950 మే 15న పోప్ 12వ పయస్ ఆయనను ఉపాధ్యాయుల పాలక పునీతుడిగా ప్రకటించారు.

లా సాల్ గొప్పతనం చెప్పేటప్పుడు సాధారణంగా వినిపించే మాటలు ఇవి: పిల్లలను ఒక్కొక్కరినీ పిలిచి పాఠం చెప్పే పద్ధతి పోయి తరగతి మొత్తానికీ ఒకేసారి చెప్పే పద్ధతి ఆయనతో వచ్చింది, లాటిన్ స్థానంలో ఫ్రెంచి చదువు ఆయనతో వచ్చింది, ఉపాధ్యాయ శిక్షణ ఆయనతో మొదలైంది. నిజానికి వీటన్నిటిలోనూ ఆయనకు ముందు నడిచినవాళ్లు ఉన్నారు. లొరేన్ ప్రాంతంలో పియెర్ ఫూరియే, లియోన్ నగరంలో షార్ల్ దెమియా ఇలాంటి ప్రయత్నాలు అంతకుముందే చేశారు. “మొట్టమొదట” అన్న బిరుదు కోసం పాకులాడితే ఆయన అసలు పని మరుగున పడుతుంది. బడిపంతులు పనిని ఒక మనిషి జీవితాంతం తలెత్తుకుని చేయదగ్గ పనిగా మార్చడం ఆయన చేసిన పని అని నేననుకుంటాను. అయితే అందుకు ఆయన ఎంచుకున్న దారిలోనే ఒక చిక్కు ఉంది, ఆ చిక్కు మూడు శతాబ్దాల తర్వాత కూడా ఆయన సభను వదల్లేదు.

లా సాల్ 1651 ఏప్రిల్ 30న రేమ్స్ నగరంలో పుట్టాడు. ఫ్రాన్స్ రాజులకు పట్టాభిషేకం జరిగే కథీడ్రల్ ఉన్న ఊరది. తండ్రి అక్కడి న్యాయస్థానంలో రాజోద్యోగి. ఇంటికి పెద్దకొడుకైన లా సాల్‌కు 1667లో, ఇంకా 16 ఏళ్లు నిండకముందే, ఆ కథీడ్రల్‌లోనే కానన్ పదవి దక్కింది. కానన్ అంటే హోదా, దానితోపాటు ఏటా వచ్చే ఖాయమైన రాబడి. 1671లో తల్లి, 1672లో తండ్రి పోవడంతో ప్యారిస్‌లో మతగురువులను తయారుచేసే సెయింట్ సుల్పీస్ గురువిద్యాలయం వదిలి, తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ సాకడానికి ఊరికి తిరిగి వచ్చాడు. 1678లో మతగురువుగా గురుపట్టం, 1680లో దైవశాస్త్రంలో డాక్టరేటు. ఇంతవరకు ఆ జీవితం అచ్చంగా ఆ కుటుంబం కోరుకున్నట్టే సాగింది.

1679లో రువాఁ నగరం నుంచి అడ్రియన్ నియెల్ అనే పెద్దాయన పేద మగపిల్లలకు బడి పెట్టే పని మీద రేమ్స్‌కు వచ్చాడు. ఓ మఠం గుమ్మం దగ్గర లా సాల్‌కు తారసపడ్డాడు. లా సాల్ చేసిందల్లా ఊళ్లో ఎవరిని కలవాలో, పని ఎలా నడపాలో సలహా ఇవ్వడం. నియెల్ బడులు తెరవడంలో దిట్ట, తెరిచినవాటిని నిలబెట్టడంలో మాత్రం కాదు. ఒక బడి మొదలుకాగానే ఆయన మనసు ఇంకో ఊరి మీదికి పోయేది. వెనక మిగిలిన మాస్టర్ల బాగోగులు ఎవరో ఒకరు చూడాలి కదా. దగ్గరలో ఉన్నవాడు లా సాల్. మొదట వాళ్లకు అద్దె ఇల్లు చూశాడు, తర్వాత తన ఇంట్లో భోజనం పెట్టించాడు, 1681 జూన్‌లో ఏకంగా తన ఇంట్లోకే తెచ్చుకున్నాడు.

ఈ మెట్లు దిగడం ఆయనకు ఎంత కష్టమైందో తర్వాత ఆయనే రాసుకున్నాడు. ఆ మాస్టర్లను తన ఇంటి పనివాడికంటే తక్కువవాళ్లుగా ఎంచేవాడినని, వాళ్లతో కలిసి బతకాల్సి వస్తుందన్న ఊహే భరించలేనిదిగా ఉండేదని, చివరికి ఇక్కడికి వచ్చి ఆగుతుందని ముందే తెలిసివుంటే అసలు ఈ పనిలో వేలు పెట్టేవాడిని కాదని ఒప్పుకున్నాడు. పునీతుల చరిత్రల్లో అరుదుగా కనబడే నిజాయితీ ఇది. చిన్ననాటి నుంచే పేదల మీద ప్రేమ పొంగిపొరలినట్టు రాసే చరిత్రలు మనకు కొల్లలుగా ఉన్నాయి. ఈయన మాత్రం తనలోని అసహ్యాన్ని దాచుకోకుండా కాగితం మీద పెట్టాడు. తెలియకుండానే దేవుడు ఒక బాధ్యతలోంచి ఇంకో బాధ్యతలోకి నడిపించాడని ఆయన చెప్పుకున్న లెక్క. బంధువులు మాత్రం దాన్ని అలా చూడలేదు. కానన్ గారి బల్ల దగ్గర చదువూ సంస్కారమూ అంతంతమాత్రంగా ఉన్న కూలి మాస్టర్లు కూర్చోవడం వాళ్లకు పరువు తక్కువ. మన ఊళ్లలో సహపంక్తి భోజనాల చుట్టూ నడిచిన గొడవలు తెలిసినవారికి ఆ కోపం ఎంతదో విడమరచి చెప్పనక్కర్లేదు. ఆయన దగ్గర పెరుగుతున్న తమ్ముళ్లలో కొందరిని తీసుకెళ్లిపోయారు. 1682లో ఆయన ఆ ఇల్లు వదిలి మాస్టర్లతో కలిసి వేరే వీధిలో ఒక సాదా ఇంట్లోకి మారాడు.

అయినా మాస్టర్లు ఆయనను తమవాడిగా ఒప్పుకోలేదు. రేపటి గురించి భయం వద్దని, దేవుణ్ణి నమ్ముకోమని ఆయన చెబుతుంటే వాళ్లు తిరగబడ్డారు: మీకు కానన్ రాబడి ఉంది, ఆస్తి ఉంది, ఈ బడులు మూతబడితే మీకు పోయేదేమీ లేదు, మేం వీధిన పడతాం అన్నది వాళ్ల వాదన. లా సాల్ జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన క్షణం ఇదేననిపిస్తుంది, ఎందుకంటే ఆ మాటకు ఆయన దగ్గర జవాబు లేదు, జవాబు లేదని ఆయన ఒప్పుకున్నాడు కూడా. 1683లో కానన్ పదవి వదులుకున్నాడు. దాన్ని తన తమ్ముడికి ఇప్పించుకునే వీలున్నా, పేరులేని ఒక సామాన్య మతగురువుకు ఇచ్చాడు. 1684-85 చలికాలంలో కరువు వచ్చినప్పుడు ఆస్తినంతా రొట్టెల రూపంలో పంచేశాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ డబ్బుతో బడులకు ఒక మూలనిధి ఏర్పాటు చేసివుంటే మాస్టర్ల జీతాల బెంగ తీరిపోయేది కదా? ఈ ప్రశ్న ఆయనకూ వచ్చింది. నికొలా బారె అనే సన్యాసి గురువును సలహా అడిగితే, నిధుల మీద కాక దైవం మీదే బడులు నిలవాలని ఆయన చెప్పాడు. లా సాల్ ఆ మాటకే తలవంచాడు. భక్తి కోణంలో చూస్తే ఇది మహాత్యాగం. ఆకలితో ఉన్నవాళ్లకు రొట్టె అందింది, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ భద్రత కావాలని అడిగిన మాస్టర్లకు ఆయన భద్రత ఇవ్వలేదు. తన భద్రతను కూడా తీసేసి వాళ్లతో సమానంగా నిలబడ్డాడు. సమానత్వం వచ్చింది గానీ జీతం రాలేదు. ఆ తర్వాత జరిగినదంతా ఈ ఎంపిక నుంచే పుట్టింది.

అలా పుట్టినదే క్రైస్తవ బడుల సోదరుల సభ. దానిలో లా సాల్ పెట్టిన ఒక నియమం అప్పటికి వింతగా తోచింది: సభ్యులు వ్రతబద్ధులే గానీ మతగురువులు కారు, గురుపట్టానికి ప్రయత్నించకూడదు, లాటిన్ బోధించకూడదు. మొదట్లో ఆయన ఆలోచన ఇలా లేదు. అన్రి లెరూ అనే బ్రదరును గురుపట్టానికి చదివించి తన తర్వాత సభను అప్పగించాలనుకున్నాడు. 1690లో లెరూ హఠాత్తుగా చనిపోయాడు. దాన్ని దైవసంకేతంగా తీసుకుని లా సాల్ ఆ ఆలోచనే మానుకున్నాడు. సంకేతం సంగతి ఎలా ఉన్నా, ఆ నిర్ణయం వెనక చక్కటి లోకజ్ఞానం ఉంది. ఒకే ఇంట్లో ఒకరు పూజ చేసే గురువు, ఇంకొకరు పలక దిద్దించే బ్రదరు అయితే, రెండోవాడు ఏనాటికైనా రెండోవాడే. లాటిన్ తెలిస్తే గురుపట్టం వైపు ఆశ పుడుతుంది, బడి మధ్యలో మజిలీ అయిపోతుంది. బడిలో ఉన్నవాడికి బడి తప్ప వేరే మెట్టు లేకుండా చేస్తేనే ఆ పనికి గౌరవం వస్తుందని ఆయన గ్రహించాడు. ఈ రోజుకీ ఆ సభలో మతగురువులు లేరు.

1688లో ప్యారిస్‌కు మారాక సభ్యులు కొందరు పోయారు, కొందరు వదిలేశారు. 1691 నవంబరు 21న లా సాల్, గాబ్రియెల్ డ్రొలాఁ, నికొలా వుయార్ ముగ్గురూ రహస్యంగా ఒక ఒట్టు పెట్టుకున్నారు: చివరికి తాము ముగ్గురమే మిగిలినా, బిచ్చమెత్తి ఒట్టి రొట్టెతో బతకాల్సి వచ్చినా ఈ పని వదలం అని. వుయార్ తర్వాతి రోజుల్లో వెళ్లిపోయాడు. డ్రొలాఁ 1702లో రోమ్‌కు వెళ్లి, రెండు దశాబ్దాలకు పైగా తోటి బ్రదర్లకు దూరంగా అక్కడే బడి నడుపుతూ ఉండిపోయాడు.

ఆ బడులు లోపల ఎలా ఉండేవో తెలుసుకోవడానికి మనకు మంచి ఆధారం ఉంది. బ్రదర్ల అనుభవాలన్నీ కూర్చి లా సాల్ రాసిన బడి నిర్వహణ గ్రంథం 1706 ప్రాంతంలో చేతిరాతగా నలిగి, ఆయన పోయిన మరుసటి ఏడు 1720లో ఆవిన్యాన్‌లో అచ్చయింది. దాన్ని చదువుతుంటే ఒక పునీతుడి రచన కంటే ఒక అనుభవజ్ఞుడైన హెడ్మాస్టరు నోటుపుస్తకం చదువుతున్నట్టు ఉంటుంది. ఉదయం పిల్లలు బడిలోనే ఫలహారం చేస్తారు. మిగులు రొట్టె తెచ్చుకున్నవాళ్లు దాన్ని ఒక బుట్టలో వేస్తారు, ఏమీ తెచ్చుకోలేని పిల్లలకు ఆ బుట్టలోంచి పంచుతారు. గంట కొట్టడానికొకడు, తాళంచెవికొకడు, ఊడవడానికొకడు, రాని పిల్లల ఇంటికి వెళ్లి ఆరా తీయడానికొకడు, ఇలా పిల్లలకే పనులు ఒప్పజెబుతారు. మాస్టరు వీలైనంత తక్కువ మాట్లాడాలి; చేతిలోని చిన్న సాధనంతో టక్కుమనిపిస్తే చదివేవాడు ఆగాలి, మళ్లీ టక్కుమంటే తప్పు దిద్దుకోవాలి. తోలుపట్టీ దెబ్బలు లేకపోలేదు, అయితే వాటికీ లెక్క ఉంది: ఎడమ అరచేతి మీద, అదీ రెండో మూడో. కుడిచేయి రాసే చేయి, అది చెడిపోకూడదు. చేత్తో చెంపమీద కొట్టడం అసలే కూడదు. ఇదంతా ఇప్పుడు మనకు కఠినంగా తోచవచ్చు. దెబ్బకు కొలత పెట్టడమే ఆ కాలానికి ఒక సంస్కరణ.

చదువు మెట్లు మెట్లుగా సాగేది: గోడమీది అక్షరాల పట్టిక, ఆ పక్కన గుణింతాల్లాంటి పట్టిక, తర్వాత పుస్తకాలు, అన్నిటికంటే చివరిమెట్టు చేతిరాత దస్తావేజులు. కౌలు పత్రాలు, రసీదులు, ఒప్పందాలు చదవడం నేర్పేవారు. వేలిముద్ర వేయించుకుని మోసం చేసే షావుకారు మనకు కొత్తకాదు గనుక, పేదవాడి కొడుక్కి దస్తావేజు చదవడం నేర్పాలన్న ఆలోచన విలువ మనకు తేలిగ్గానే తెలుస్తుంది. బడి మాన్పించే తల్లిదండ్రులకు ఏం చెప్పాలో కూడా ఆ గ్రంథంలో ఉంది: ఎంత చిన్న బుర్ర ఉన్న పనివాడైనా చదవడం రాయడం వస్తే దేనికైనా పనికొస్తాడని నచ్చజెప్పాలట.

ఫ్రెంచి చదువు ముందు అన్న నిర్ణయం కూడా ఈ లెక్కలోంచి వచ్చిందే. అప్పటి బడుల్లో పిల్లలు ముందు లాటిన్ అక్షరాలు, లాటిన్ ప్రార్థనలు చదవడం నేర్చుకుని ఆ తర్వాత ఫ్రెంచికి వచ్చేవారు. షార్ట్రే పీఠాధిపతి (బిషప్) ఆ పాత పద్ధతే ఉండాలన్నప్పుడు లా సాల్ కారణాలు వివరిస్తూ జవాబు రాశాడు. పేదపిల్లవాడు బడిలో ఉండేది కొద్దికాలమే. చేతికి పని రాగానే తండ్రి తీసుకెళ్లిపోతాడు. అప్పటికి అర్థం కాని లాటిన్ సగం వస్తుంది, అర్థమయ్యే ఫ్రెంచి అసలే రాదు. ఫ్రెంచి చదవడం వచ్చినవాడికి లాటిన్ చదవడం తర్వాత తేలిక.

ఈ వాదన వినగానే మన మాతృభాషా మాధ్యమ వాదులు లా సాల్‌ను తమవాడిగా చెప్పుకోవాలని చూస్తారు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఆరో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం పెడుతూ జీవో ఇచ్చి, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసిన రోజుల్లో రెండువైపులా ఎన్ని వాదనలు నడిచాయో గుర్తుండే ఉంటుంది. కానీ ఆలెస్, మార్సెయ్, ఆవిన్యాన్ వంటి దక్షిణ ఫ్రాన్స్ ఊళ్లలో బ్రదర్ల బడికి వచ్చిన పిల్లల ఇంటిభాష ఫ్రెంచి కాదు, ఆక్సితాన్ కుటుంబానికి చెందిన మాటలు. వాళ్లకు ఫ్రెంచి రాజభాష, కోర్టు భాష, వ్యాపార భాష. ఒకరకంగా మనకు ఇంగ్లీషు ఎలాగో అలా. లా సాల్‌కు భాషాభిమానం లేదు. పిల్లవాడు బడి మానేసే లోపు అతని చేతిలో పనికొచ్చే చదువు ఏది పెట్టగలం అన్నదే ఆయన ప్రశ్న. తెలుగు మీడియం కావాలనేవారూ, మా పిల్లలకు ఇంగ్లీషు ఎందుకు వద్దని నిలదీసే బహుజన తల్లిదండ్రులూ ఇద్దరూ ఆయన నుంచి సగం వాదన తెచ్చుకోగలరు. నా మటుకు నాకు, అర్థం కాని భాషలో మొదలుపెడితే కాలం వృథా అవుతుందన్న సగమే బరువైనదిగా తోస్తుంది.

ఉచిత బడి అనేసరికి ఎవరి పొట్టమీదో దెబ్బ పడుతుంది. ప్యారిస్‌లో డబ్బు తీసుకుని రాత నేర్పే హక్కు రాత పంతుళ్ల సంఘానిది. బ్రదర్ల బడిలో ఫీజు ఇచ్చుకోగలిగిన ఇళ్ల పిల్లలు కూడా చేరుతున్నారని వాళ్లు కోర్టుకెక్కారు. పేదలని రుజువైనవాళ్లనే చేర్చుకుంటే గొడవ ఉండేది కాదు. కానీ లా సాల్ తలుపు దగ్గర పేదరికం తూచడానికి ఇష్టపడలేదు. బడి ఉచితమంటే అందరికీ ఉచితమే. 1704లో బడులపై దాడులు జరిగి బల్లలు, సామగ్రి పట్టుకుపోయారు, జరిమానాలు పడ్డాయి. రాత పంతుళ్లది కూడా బతుకు గొడవే, వాళ్లూ బడిపంతుళ్లే అన్న సంగతి ఆయన చరిత్రకారులు అంతగా పట్టించుకోరు.

ఆయన బడులకు ఒక చీకటి కోణమూ ఉంది. ప్రొటెస్టంట్లకు మతస్వేచ్ఛ ఇచ్చిన నాంత్ శాసనాన్ని 1685లో రాజు 14వ లూయీ రద్దు చేశాక ఫ్రాన్స్‌లో వాళ్లకు చోటు లేకుండా పోయింది. వాళ్ల పిల్లలు కతోలిక బడికి వెళ్లాల్సిందేనని 1698లో రాజాజ్ఞ వచ్చింది. ప్రొటెస్టంట్లు ఎక్కువగా ఉన్న ఆలెస్ వంటి దక్షిణాది ఊళ్లకు బ్రదర్లను పిలిపించినప్పుడు అక్కడి పీఠాధిపతి ఉద్దేశం చదువు ఒక్కటే కాదు. అదే బుట్ట, అదే పట్టిక, అదే సత్యోపదేశం (మతబోధ). కాకపోతే బెంచీ మీది పిల్లవాడు తన ఇష్టంతో రాలేదు. లా సాల్ ఈ విధానాన్ని తయారుచేయలేదు, ఎదిరించనూ లేదు.

1712లో ఉపాధ్యాయ శిక్షణ కోసం కొన్న ఇంటి వ్యవహారంలో ఒక యువకుడి తండ్రి వేసిన కేసు ఎదురుతిరిగి, మైనరును ప్రలోభపెట్టాడన్న నింద లా సాల్ మీద పడింది. ఆయన ప్యారిస్ వదిలి దక్షిణానికి వెళ్లిపోయాడు. తానే ఈ సభకు అడ్డమేమో అన్న అనుమానం పట్టుకుంది. గ్రెనోబుల్‌లో కొంతకాలం చిన్నపిల్లల తరగతికి పాఠాలు చెప్పుకున్నాడు. అప్పుడు, 1714 ఏప్రిల్ 1న, ప్యారిస్ ప్రాంతపు బ్రదర్లు ఆయనకు ఉత్తరం రాశారు. బతిమాలుతూ మొదలైన ఆ ఉత్తరం ఆజ్ఞతో ముగిసింది: మీరు ఈ సభకు విధేయత వ్రతం చేశారు, ఆ సభ పేరున ఆదేశిస్తున్నాం, వెంటనే వచ్చి బాధ్యత తీసుకోండి. ఇంటి పనివాడికంటే తక్కువ అని ఒకప్పుడు ఆయన ఎంచిన మాస్టర్ల వారసులు, ఇప్పుడు ఆయనకే ఆజ్ఞ ఇచ్చే స్థాయికి వచ్చారు. ఆగస్టులో ఆయన తిరిగి వచ్చి, “వచ్చాను. నన్ను ఏం చేయమంటారు?” అన్నాడు. ఆయన విజయం ఏదని అడిగితే నేను ఈ ఉత్తరాన్నే చూపిస్తాను.

1717లో బ్రదర్ బార్తెలమీని పెద్దగా ఎన్నుకున్నాక లా సాల్ మామూలు సభ్యుడిగా మిగిలి, 1719 ఏప్రిల్ 7న, గుడ్ ఫ్రైడే రోజున, రువాఁలోని సెయింట్ యోన్ అనే సభ ఇంట్లో కన్నుమూశాడు. అప్పటికి బ్రదర్లు దాదాపు వంద మంది. 1725లో పోప్ 13వ బెనెడిక్ట్ సభకు ఆమోదం ఇచ్చారు. ఇరవై ఊళ్లకు పైగా పాకిన ఆ బడుల మీద తర్వాత వచ్చిన విమర్శ మరీ విచిత్రం. 1763లో బ్రిటనీ న్యాయాధికారి లా షాలొతే జాతీయ విద్య మీద రాస్తూ, చిత్రిక పట్టడం, ఆకురాయి పట్టడం తప్ప ఏమీ తెలియనక్కర్లేని జనానికి ఈ బ్రదర్లు చదువు నేర్పి అన్నీ పాడుచేస్తున్నారని వాపోయాడు. వోల్టేర్ ఆయనను మెచ్చుకుంటూ, ఆ బ్రదర్లను నా నాగళ్లకు కట్టడానికి పంపించండి అని ఉత్తరం రాశాడు. మతమౌఢ్యం మీద కత్తి దూసిన వోల్టేర్‌ను మనం ఊరికే గౌరవించం, కానీ కూలివాడి కొడుకు చదువు దగ్గర ఆ కత్తి ఎటు తిరిగిందో కూడా చూడాలి.

ఇక ఆ చిక్కు సంగతి. లా సాల్ బడి ఉచితంగా నడిచింది అంటే దాని ఖర్చు ఎవరో భరించారని అర్థం. దాతలు, పురపాలకులు కొంత ఇచ్చారు. మిగిలిందంతా బ్రదరు తన పెళ్లి, తన సంసారం, తన జీతం వదులుకుని భరించాడు. “బతకలేక బడిపంతులు” అన్న ముడికి లా సాల్ చూపిన పరిష్కారం బతకడానికి సరిపడా జీతం ఇవ్వడం కాదు, జీతం అవసరమే లేని బతుకును కట్టివ్వడం. అలాంటి బతుకు కోరి వచ్చే యువకులు దొరికినంతకాలం అది అద్భుతంగా నడిచింది. ఫ్రెంచి విప్లవం 1792లో సభను రద్దు చేసినా, 1904 చట్టం బోధించే మఠసభలను ఫ్రాన్స్‌లో నిషేధించినా, బ్రదర్లు దేశదేశాలకు చెదిరి ఇంకా పెరిగారు. 1960ల నడుమ వాళ్ల సంఖ్య పదహారు వేలు దాటింది. చట్టాలు చేయలేని పని కాలం చేసింది. ఇప్పుడు బ్రదర్లు నాలుగు వేలలోపే, వాళ్ల పేరు మీద నడిచే బడుల్లో చదివే పిల్లలు మాత్రం పది లక్షలకు పైనే. ఆ తేడాను పూడ్చింది జీతం తీసుకునే మామూలు ఉపాధ్యాయులు, అందులో పెద్దసంఖ్యలో మహిళలు. జీతాలు రావాలంటే చాలా చోట్ల ఫీజులు రావాలి. తలుపు దగ్గర పేదరికం తూచనన్న పునీతుడి పేరున్న బడి ముందు తండ్రులు ఫీజు రసీదు పట్టుకుని నిలబడటం అలా మొదలైంది.

మన దగ్గర లా సాల్ సభ పేరు అంతగా వినబడదు. హైదరాబాద్ ఆబిడ్స్‌లోని లిటిల్ ఫ్లవర్, గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ బడులను నడిపేది సెయింట్ గాబ్రియెల్ మోంట్‌ఫర్ట్ బ్రదర్లు. ఆ సభ వేరు, దాని చరిత్ర వేరు. అయినా వ్రతాలు పట్టి బడికే అంకితమైన “బ్రదరు” అనే మనిషిని లోకానికి అలవాటు చేసింది ప్రధానంగా లా సాలే. అలాంటి కాన్వెంటు బడుల్లో సీటు కోసం సిఫారసు ఉత్తరాలు పట్టుకు తిరిగిన తెలుగు తల్లిదండ్రులకు కొదవ లేదు. వాళ్లలో చాలామంది అదే నోటితో, తమ కొడుకు టీచరు అవుతానంటే, బతకలేకనా అని అడుగుతారు.